మామూలు వైద్యం అందరి హక్కు: ఆటిజం ఉన్న యువత, వారి కుటుంబాలు

ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ డాక్టరు గారు జీవితమంతా ఒక జిల్లా కేంద్రంలో పిల్లల వైద్యుడిగా పనిచేశారు. జ్వరాలు, విరేచనాలు, టీకాలు, చెవిపోట్లు ఆయన రోజువారీ పని. అందువల్ల వైద్యంలో అతి సాధారణమైన విషయాన్ని అంశంగా తీసుకోవడమే ఆయన స్మృతికి తగిన నివాళి అని భావించాను. ఆటిజం ఉన్న పిల్లలకు, ముఖ్యంగా యౌవనంలో అడుగుపెడుతున్నవారికి, వారి కుటుంబాలకు మామూలు వైద్యం ఎలా అందాలన్నది నేటి నా ప్రసంగ విషయం.

ఆటిజం ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా రెండు ప్రశ్నలు ముందుకొస్తాయి. ఎందుకు వచ్చింది? తగ్గుతుందా? ఈ రెండింటి కోసం జరిగిన అన్వేషణ గొప్పదే. అయితే ఆ హడావుడిలో మూడో ప్రశ్న మరుగున పడిపోయింది. ఆ పిల్లవాడికి పన్ను నొప్పి పుడితే ఎవరు చూస్తారు? నాలుగు రోజులుగా విరేచనం కాకపోతే ఎవరు కనిపెడతారు? ఇరవై ఏళ్ల యువతికి రక్తపరీక్ష చేయవలసి వస్తే ఆమెను కుర్చీకి అదిమి పట్టుకోకుండా చేయగల ల్యాబు మన ఊళ్లో ఉందా? ఆటిజానికి వైద్యం వెతికే తొందరలో ఆటిజం ఉన్న మనిషికి అందవలసిన వైద్యాన్ని మరిచిపోయాం.

ఈ మరపుకు కారణం చరిత్రలో ఉందని నా అభిప్రాయం. ఆటిజం గురించి వైద్యశాస్త్రానికి తెలిసినదానిలో చాలా భాగం మొదట కుటుంబాలు, తరువాత ఆటిజం ఉన్నవారే చెప్పగా తెలిసింది. వారి మాటను శ్రద్ధగా విన్న కాలంలో శాస్త్రం ముందుకు సాగింది. పెడచెవిన పెట్టిన కాలంలో హాని చేసింది. ఆ సాక్ష్యానికి ఓపీ గదిలో స్థానం దొరికిన నాడే మామూలు వైద్యం వారికి దక్కుతుంది. నా ప్రతిపాదన ఇదే. దీన్ని చరిత్ర నుంచే నిరూపించడానికి ప్రయత్నిస్తాను.

ఆటిజం అనే పేరును స్విట్జర్లాండ్ మనోవైద్యుడు యూజెన్ బ్లాయిలర్ 1911లో వాడినప్పుడు అది స్కిజోఫ్రీనియాలో ఒక లక్షణానికి పేరు మాత్రమే. సోవియట్ వైద్యురాలు గ్రున్యా సుఖరేవా 1925లోనే ఇలాంటి పిల్లల గురించి వివరంగా రాసినా ప్రపంచం పట్టించుకోలేదు. అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ 1943లో పదకొండు మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతోనే ఆటిజం వైద్యంలో ఒక ప్రత్యేక విషయమయింది. ఆ వ్యాసంలో మొదటి బాలుడి తండ్రి మిసిసిపీ రాష్ట్రంలో న్యాయవాది. కొడుకును చూపించడానికి 1938లో బాల్టిమోర్ వెళ్లబోయే ముందు ఆయన ముప్పై మూడు పేజీల ఉత్తరం టైపు చేయించి పంపారు. బిడ్డ ఏం తింటాడో, ఏ మాటను ఎలా తిరగేసి పలుకుతాడో, దేనికి భయపడతాడో అన్నీ అందులో ఉన్నాయి. కానర్ వర్ణనకు పునాది ఆ ఉత్తరం. కానర్‌తో మొదలైన ఆటిజం శాస్త్రంలో మొదటి పత్రం ఒక తండ్రి రాసిన వివరమన్నమాట.

అదే వ్యాసంలో పెద్దగా ఎవరూ చెప్పుకోని సంగతి ఇంకొకటి ఉంది. ఆ పదకొండు మందిలో ఆరుగురికి పుట్టినప్పటి నుంచీ ఆహారం విషయంలో తీవ్రమైన ఇబ్బంది ఉండేదని కానర్ నమోదు చేశారు. ఒకరు ఏడాదంతా వాంతులు చేసుకునేవారు, మరొకరికి ఏడాది నిండేవరకు గొట్టం ద్వారా పాలు పట్టారు. ఆయన దాన్ని బయటి ప్రపంచాన్ని దగ్గరకు రానివ్వకపోవడంగా వ్యాఖ్యానించారు. వాంతిని మనసుకు ముడిపెట్టి పొట్టను వదిలేయడం ఆటిజం చరిత్రలో కానర్ వ్యాసంతోనే మొదలైంది. ఈ అలవాటు నేటికీ మన ఓపీల్లో సజీవంగా ఉంది.

కుటుంబం ఇచ్చిన వివరాలతో పుట్టిన శాస్త్రం కొద్ది కాలానికే కుటుంబం మీదికి వేలు చూపింది. తల్లిదండ్రులు, అందులోనూ తల్లులు, ఆప్యాయత లేనివారు కావడం వల్లే పిల్లలు ఇలా అయ్యారన్న వాదం 1950లలో బలపడింది. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ప్రచురించిన ‘ది ఎంప్టీ ఫోర్‌ట్రెస్’ దానికి విస్తృత ప్రచారం తెచ్చింది. ఒక తరం తల్లులు చేయని తప్పుకు శిక్ష అనుభవించారు. ఈ వాదాన్ని కూలదోసిన బెర్నార్డ్ రిమ్లాండ్ అమెరికా నౌకాదళంలో మనస్తత్వ శాస్త్రవేత్త, ఆటిజం ఉన్న కుమారుడికి తండ్రి. ఆటిజానికి మూలం మెదడు ఎదుగుదలలో ఉందని వాదిస్తూ ఆయన రాసిన పుస్తకం 1964లో వెలువడింది. లండన్‌లో 1962లో తల్లిదండ్రులు కలిసి సంఘం పెట్టుకున్నారు. వారిలో ఒకరైన లోర్నా వింగ్ మనోవైద్యురాలు, ఆటిజం ఉన్న కూతురికి తల్లి. ఆమె జూడిత్ గౌల్డ్‌తో కలిసి 1979లో ప్రచురించిన పరిశోధన ఆటిజం ఒక మూస కాదని, అనేక స్థాయుల్లో కనిపించే విస్తృతి అని చూపింది. 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైఖేల్ రట్టర్ కవలల మీద చేసిన అధ్యయనం జన్యుపరమైన ఆధారాన్ని ముందుంచింది. తల్లి పెంపకం సిద్ధాంతం శాస్త్రంలో అక్కడితో నిలబడలేకపోయింది.

శాస్త్రంలో ముగిసిన ఆ వాదం మన ఇళ్లలో ఇంకా ముగియలేదు. ‘ఫోన్ చేతికిచ్చి కూర్చోబెట్టింది, అందుకే మాటలు రాలేదు’, ‘ఉద్యోగమంటూ ఆయాకు వదిలేసింది’, ‘వాళ్ల పుట్టింటి వైపు ఎవరికో ఉందట’ అనే మాటలు వినని తల్లి ఈ సభలో ఉండరు. మాట ఆలస్యమైన బిడ్డకు వస నాకించే అమ్మమ్మ ప్రేమను నేను తప్పుపట్టను. ‘మేనమామకూ అయిదో ఏటే మాటలొచ్చాయి’ అన్న ఓదార్పులోనూ ఆశ ఉంది. కాని నింద వేరు. నింద మోస్తున్న తల్లి డాక్టరు ముందు నోరు విప్పదు. ఆమె నోరు విప్పకపోతే మాటలు లేని బిడ్డ జబ్బు డాక్టరుకు తెలిసే దారి మూసుకుపోతుంది. కనుక నిందను తొలగించడం కూడా వైద్యంలో భాగమే.

మన దేశంలో కూడా ఈ కథ కుటుంబాలతోనే నడిచింది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ ఏర్పడింది. ఆటిజం తీవ్రతను కొలిచే భారతీయ కొలమానాన్ని నలభై అంశాలతో తయారుచేసింది ఆ సంస్థే. ఢిల్లీలో మెర్రీ బారువా అనే తల్లి 1991లో ‘యాక్షన్ ఫర్ ఆటిజం’ ప్రారంభించారు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజానికి చోటు లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో చోటు దొరికింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన ఇరవై ఒక్క వైకల్యాల్లో ఆటిజం ఒకటి. సదరం సర్టిఫికెట్ కోసం నేడు మన కుటుంబాలు శిబిరాలకు వెళ్లగలుగుతున్నాయంటే ఆ వెనక రెండు దశాబ్దాల పోరాటం ఉంది.

ఇక వైద్యం సంగతి. అమెరికాలో స్టీవెన్ రైస్, ఆయన సహచరులు 1982లో ఒక ప్రయోగం చేశారు. ఒకే లక్షణాలున్న రోగి వివరాలను నిపుణులకు ఇచ్చారు. ఆ రోగికి మేధో వైకల్యం ఉందని చెప్పినప్పుడు అవే మానసిక లక్షణాలు వారికి తక్కువ ముఖ్యమైనవిగా తోచాయి. వైకల్యం పేరు ముందుగా వినబడితే దాని నీడలో జబ్బు కనబడదని తేలింది. ఆటిజం విషయంలో ఇది నిత్యం జరిగేదే. తల గోడకేసి కొట్టుకునే కుర్రవాడికి చెవిలో చీము ఉండవచ్చు, దవడపన్ను పుచ్చి ఉండవచ్చు. రాత్రంతా మేలుకొని అరిచే అమ్మాయికి కడుపులో మంట ఉండవచ్చు. హఠాత్తుగా కోపం పెరిగిందంటే మలబద్ధకం కారణం కావచ్చు. ఒక్క క్షణం చూపు నిలిచిపోతే అది ఫిట్స్ కావచ్చు. ఆటిజం ఉన్నవారిలో ఫిట్స్ మిగతావారికన్నా ఎక్కువ. అవి పసితనంలో ఒకసారి, కౌమారంలో మరొకసారి తలెత్తే అవకాశం హెచ్చు. ఇవన్నీ ‘ఆటిజంలో అంతే’ అనే ఒక్క మాట కింద కప్పబడిపోతాయి. నియమం ఒకటి పెట్టుకోవచ్చు: ప్రవర్తన హఠాత్తుగా మారితే ముందు శరీరాన్ని పరీక్షించాలి, తరువాతే మందు మార్చాలి.

నొప్పిని వారు చూపే తీరు వేరుగా ఉండవచ్చు. 2013లో అమెరికా మనోవైద్య సంఘం తన నిర్ధారణ గ్రంథాన్ని సవరించినప్పుడు శబ్దం, వెలుతురు, స్పర్శ, నొప్పి వంటి అనుభూతుల పట్ల అతిగానో అల్పంగానో స్పందించడాన్ని ఆటిజం లక్షణాల్లో చేర్చింది. ఎముక విరిగినా ఏడవని పిల్లలున్నారు. ట్యూబులైటు గుయ్యిమనే చప్పుడుకే చెవులు మూసుకునేవారున్నారు. తినే పదార్థాలు రెండు మూడింటికే పరిమితమైన యువకుడిలో రక్తహీనతనూ విటమిన్ లోపాలనూ వెతకాలి. చిరాకు తగ్గించడానికి ఇచ్చే రిస్పెరిడోన్ వంటి మందులు బరువును పెంచుతాయి. ఆ మందు రాసినవారే బరువునూ రక్తంలో చక్కెరనూ క్రమంగా చూడాలి.

నిర్లక్ష్యానికి మూల్యం ఎంతో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. స్వీడన్ జాతీయ రికార్డుల ఆధారంగా 2016లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఆటిజం ఉన్నవారు సగటున పదహారేళ్లు ముందుగా మరణిస్తున్నారు. మేధో వైకల్యం కూడా ఉన్నవారిలో ఫిట్స్, అది లేనివారిలో ఆత్మహత్య ప్రధాన కారణాలుగా కనిపించాయి. అదే ఏడాది నవంబరులో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఆలివర్ మెక్‌గోవన్ అనే పద్దెనిమిదేళ్ల యువకుడు మరణించాడు. అతనికి ఆటిజం, ఫిట్స్ ఉన్నాయి. మానసిక జబ్బులకు వాడే మందులు గతంలో పడలేదని, అవి ఇవ్వవద్దని అతనూ తల్లిదండ్రులూ చెప్పారు. అయినా ఇచ్చారు. దాని దుష్ఫలితంగా మెదడు దెబ్బతిన్నది. అతని తల్లి సాగించిన ఉద్యమం ఫలితంగా 2022లో ఆ దేశం చట్టం చేసి, ఆటిజం గురించిన శిక్షణను వైద్య, సంరక్షణ సిబ్బందికి తప్పనిసరి చేసింది. శిక్షణకు అతని పేరే పెట్టారు. కొత్త మందు గాని, యంత్రం గాని లేకపోవడం వల్ల సంభవించిన మరణం కాదది. చెప్పిన మాట వినకపోవడం వల్ల సంభవించింది.

వినడం అంటే ప్రతి అనుమానాన్నీ సత్యంగా అంగీకరించడం అని నా అభిప్రాయం కాదు. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ ‘లాన్సెట్’ పత్రికలో పన్నెండు మంది పిల్లల గురించి రాసిన వ్యాసం తల్లిదండ్రుల జ్ఞాపకాలను వాడుకొని తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకాకు ఆటిజంతో సంబంధం అంటగట్టింది. అది బూటకమని తేలి, 2010లో పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది, రచయిత వైద్యుడిగా గుర్తింపు కోల్పోయాడు. లక్షలాది పిల్లలపై జరిగిన అధ్యయనాల్లో అలాంటి సంబంధం కనిపించలేదు. తల్లిదండ్రుల పరిశీలన విలువైనది. దానికి కారణం చెప్పే బాధ్యత శాస్త్రానిది. ఆ బాధ్యత మనం వహించకపోతే వారు అంగడికి వెళతారు. మూలకణ చికిత్స పేరుతో లక్షలు వసూలు చేసే ప్రకటనలు అందుకే నడుస్తున్నాయి. ఆటిజానికి ఆ చికిత్సను సిఫారసు చేయరాదని జాతీయ వైద్య కమిషన్‌కు చెందిన నైతిక విభాగం 2022లోనే స్పష్టం చేసింది. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి ఈ మాట చెప్పగలిగిన వైద్యుడు ఒక కుటుంబాన్ని అప్పుల నుంచి కాపాడుతాడు.

మన దేశంలో హక్కులకు కొరత లేదు. 2016 చట్టం 25వ సెక్షన్ ఆసుపత్రుల్లో, ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా, అవరోధాలు లేని ప్రవేశాన్నీ, వైద్యంలో ప్రాధాన్యాన్నీ హామీ ఇచ్చింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్లి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను పరీక్షించాలి. ఎదుగుదల లోపాలున్నవారిని జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. నేషనల్ ట్రస్ట్ వారి ‘నిరామయ’ బీమా లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. అందులో ఓపీ ఖర్చులూ థెరపీ ఖర్చులూ కూడా చేరతాయి. ఈ పథకం పేరు తెలియని కుటుంబాలు మన జిల్లాల్లో నేటికీ ఎన్నో ఉన్నాయి.

పద్దెనిమిదో ఏడు నిండగానే ఈ హక్కుల దారిలో పెద్ద అగాధం వస్తుంది. పిల్లల వైద్యుడు ఇక పెద్దల డాక్టరు దగ్గరకు వెళ్లమంటాడు. పెద్దల డాక్టరుకు ఆటిజం పిల్లల జబ్బు. సంచార బృందం పరిధి ముగుస్తుంది. శస్త్రచికిత్స కాగితం మీద ఎవరు సంతకం పెట్టాలన్న ప్రశ్న తలెత్తుతుంది. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ సంరక్షకులను నియమించగలదు. కాని అది మొదటి అడుగు కాకూడదు. 2016 చట్టం సంరక్షకత్వాన్ని కూడా పరిమితంగానే, ఆ వ్యక్తితో సంప్రదిస్తూనే ఉండాలని నిర్దేశించింది. బొమ్మతోనో, సైగతోనో, ట్యాబులో మీట నొక్కో తన ఇష్టం చెప్పగల యువకుణ్ణి ముందు అడగాలి. ఒంటరిగా డాక్టరుతో మాట్లాడాలనుకునే యువతకు ఆ ఏకాంతం ఇవ్వాలి.

ఆడపిల్లల విషయంలో ఇది మరింత ముఖ్యం. 1994లో మహారాష్ట్రలోని శిరూర్ ప్రభుత్వ వసతిగృహానికి చెందిన, మేధో వైకల్యం ఉన్న యువతులకు నెలసరి శుభ్రత కష్టమన్న కారణంతో గర్భసంచులు తొలగించారు. దేశమంతా నిరసన రేగింది. 2016 చట్టం 10వ సెక్షన్, ఆ వ్యక్తి స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చిన అంగీకారం లేకుండా సంతానం కలగకుండా చేసే చికిత్స జరపరాదని శాసిస్తోంది. ప్యాడ్ మార్చుకోవడాన్ని బొమ్మల వరుసతో నేర్పించడం, నొప్పికి మందివ్వడం, ఎవరు తాకవచ్చో ఎవరు తాకరాదో చెప్పడం ఒక నర్సు చేయగల పని. ఆ పని జరిగిన ఇంట్లో శస్త్రచికిత్స ఆలోచన చాలావరకు తలెత్తదు.

ఆచరణలో కావలసినవి ఖరీదైనవి కావు. రోజులో మొదటి టోకెన్ వీరికివ్వాలి, లేదా వంతు వచ్చేదాకా బయట ఆటోలోనే ఉండి ఫోన్ రాగానే లోపలికి వచ్చే వీలుండాలి. పరీక్షకు ముందు గది, కుర్చీ, స్టెతస్కోపు ఫొటోలు కుటుంబానికి పంపితే ఇంట్లో చూపించి సిద్ధం చేస్తారు. అమెరికాలో కేరల్ గ్రే అనే ఉపాధ్యాయిని 1990ల మొదట్లో ప్రచారంలోకి తెచ్చిన చిన్న వాక్యాల బొమ్మకథల పద్ధతి దీనికి బాగా పనికొస్తుంది. సూది గుచ్చే చోట గంట ముందు రాసే మొద్దుబార్చే క్రీము మన మందుల షాపుల్లోనే దొరుకుతుంది. పంటి డాక్టరు దగ్గర మొదటిసారి కుర్చీలో కూర్చుని వచ్చేస్తే చాలు, రెండోసారి నోరు తెరిస్తే చాలు. మత్తు ఇవ్వక తప్పని రోజున పళ్లతో పాటు రక్తపరీక్ష, చెవి పరీక్ష కూడా పూర్తిచేయాలి. నలుగురు కలిసి అదిమిపట్టి ఒకసారి రక్తం తీయగలరు. ఆ తరువాత పదేళ్లపాటు అతను ఆసుపత్రి గడప తొక్కకపోతే ఆ నష్టానికి లెక్క ఏ రికార్డులోనూ ఉండదు.

వీటన్నిటికీ మూలాధారంగా ఒక్క పేజీ పత్రం ఉండాలి. ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో ఇలాంటి పత్రం వాడుకలో ఉంది. గర్భిణులకూ పసిపిల్లలకూ కార్డు ఇచ్చే సంప్రదాయం మనకూ ఉంది. ఆ ఒక్క పేజీలో ఇతను ఎలా మాట్లాడతాడు, నొప్పి ఉంటే ఏం చేస్తాడు, దేనికి బెదురుతాడు, దేనితో కుదుటపడతాడు, ఏ మందు పడదు, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని రాసి ఉండాలి. రాయలేని తల్లి చెబితే ఆశా కార్యకర్త రాయాలి. తన గురించి తానే రాయగల యువకుడు తానే రాయాలి. 1938లో ఒక న్యాయవాది ముప్పై మూడు పేజీలు రాయగలిగాడు. కూలిపనికి వెళ్లే తల్లికి అంత తీరిక ఉండదు. ఆమె జ్ఞానం మాత్రం అతనికి తీసిపోదు.

ఆ తల్లి ఆరోగ్యం గురించి కూడా అడగాలి. కొడుకును వదిలి వెళ్లలేక తన బీపీని చూపించుకోని తల్లులున్నారు. థెరపీల కోసం కుటుంబాన్ని పట్నానికి మార్చి, ఉద్యోగం కోసం తాము ఊళ్లో మిగిలిన తండ్రులున్నారు. అన్న అవసరాల మధ్య తన జ్వరం చెప్పుకోని చెల్లెళ్లున్నారు. బిడ్డను చూసిన ప్రతిసారీ ‘మీరెలా ఉన్నారమ్మా, నిద్ర పడుతోందా?’ అని అడగడం వైద్యుడి విధి. తమ తరువాత ఎవరు చూస్తారన్న వారి భయానికి పూర్తి జవాబు ఏ ఒక్క వైద్యుడి దగ్గరా లేదు. అది సమాజమూ ప్రభుత్వమూ కలిసి ఇవ్వవలసిన జవాబు. అయితే ఆరోగ్యంగా ఉన్న తల్లిదండ్రులు ఆ బిడ్డకు మరికొన్నేళ్లు అండగా ఉంటారు. ఆ ఏళ్లను వారికి ఇవ్వడం మన చేతిలో ఉంది.

ఈ వేదిక నుంచి మూడు విన్నపాలు చేసి ముగిస్తాను. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, బస్తీ దవాఖానాల్లో, గ్రామ క్లినిక్కుల్లో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఆటిజం గురించి శిక్షణ తప్పనిసరి చేయాలి. ఆ శిక్షణ ఇచ్చేవారిలో తల్లిదండ్రులూ, ఆటిజం ఉన్న పెద్దవారూ ఉండాలి. రెండోది, సదరం సర్టిఫికెట్‌తో పాటే ఆ ఒక్క పేజీ పత్రాన్నీ, నిరామయ దరఖాస్తునూ కుటుంబం చేతిలో పెట్టాలి. ఇక మూడోది ఇక్కడున్న వైద్య మిత్రులకు. ఈ నెల నుంచే మీ ఓపీలో వారానికి ఒక పూట మొదటి గంటను వీరికోసం కేటాయించండి. ఆ గంటలో ముందు రోగిని అడగండి, తరువాత తల్లిని అడగండి, విన్నది కేసుషీటు మీద రాయండి. దీనికి జీవో అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు.